కొవ్వొత్తి గీతల వెనక తారీకులు

మా గోదావరిఖనిలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే, పలకరించడానికి వచ్చినవాళ్లు మొదట అడిగే మాట "బోర్డుకు పెట్టుకున్నవా?" అని. ఏం జబ్బో ఆ తర్వాత అడుగుతారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బొగ్గు కంపెనీలో పనిచేసే మనిషి జబ్బుతో ఇక పని చేయలేరని డాక్టర్ల బోర్డు తేల్చి ‘అన్‌ఫిట్’ అని రాస్తే, ఆ ఇంట్లో ఒక బిడ్డకు ఉద్యోగం ఇస్తారు. అందుకే మా వాడల్లో జబ్బు ఒంటరిగా రాదు. దాని వెనకాలే ఒక ఆశ కూడా చెప్పులు విడిచి లోపలికి వస్తుంది.

ఆ ఆశకు లొంగి నేనొక వెర్రి పని చేశాను. ఇప్పుడు నా చేతులు నిలకడగా ఉన్నాయి, పెన్ను పట్టుకోగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. ఇంకెవరూ అలా చేయకూడదని కొంత, రాస్తే నా మనసు కుదుటపడుతుందని కొంత.

ఏప్రిల్‌లో మొదలైంది. మా దగ్గర ఏప్రిల్ అంటే రాళ్లు పేలే ఎండ, కాబట్టి ఒళ్లు మండుతోందంటే ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. నా పేరు రాజేశ్వరి, నా పని ల్యాంపు రూములో. బాయిలోకి, అంటే బొగ్గు గనిలోకి, దిగే కార్మికుడు తన నంబరున్న బిళ్ల కిటికీలోంచి ఇస్తాడు, నేను ఆ నంబరు లైటు తీసి అందిస్తాను, అతను దాన్ని టోపీకి తగిలించుకుని దిగుతాడు. బాయిలో పనిచేసే మా ఆయన గుండెపోటుతో పోయాక మా ఇంటికి ఇవ్వాల్సిన ఉద్యోగం నాకిచ్చారు. ఇన్నేళ్లలో ఒక్క లైటు కూడా కింద పడేయలేదు. ఆ ఒక్క నెలలో మూడు పడేశాను.

చేతులు వణికేవి. చాయ్ గ్లాసు నోటిదాకా వచ్చేలోపు సగం చీర మీద ఉండేది. కూర్చుంటే కాళ్లు ఊగేవి, నిలబడితే ఎక్కడికో వెళ్లాలనిపించేది, ఎక్కడికో తెలియదు. తిన్న గంటకే ఆకలి, అయినా జాకెట్లు రోజురోజుకూ వదులు. గుండె మాత్రం కదిలిపోతున్న బస్సు వెంట పరుగెత్తుతున్నట్టు ఒకటే కొట్టుకునేది. అందరి మీదా కోపం. ఫ్యాను చప్పుడు మీద కోపం, కుక్కర్ కూత మీద కోపం, దేవుడి పటం కొంచెం వంకరగా ఉంటే దాని మీద కూడా కోపం.

ఒకరోజు లైన్‌లో సమ్మయ్య అనే కార్మికుడు నా చేతిలో ఊగుతున్న లైటును చూసి, "రాజక్కా, లైటిస్తున్నవా, బతుకమ్మ ఆడుతున్నవా?" అన్నాడు. లైనంతా నవ్వింది. నేను అతని బిళ్ల తీసి కిటికీలోంచి విసిరేశాను. పాపం, అతను నవ్వడం మానేసి, బిళ్ల ఏరుకుని మళ్లీ వచ్చాడు. "ఏమైందక్కా? మంచిగ లేవా?" అని మెల్లగా అడిగాడు. నాకు ఏడుపు ఆగలేదు. "నీకెందుకు నా ముచ్చట, లైటు తీస్కొని పో" అని ఇంకా గట్టిగా అరిచాను.

మే నుంచి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. నాతోపాటే మా స్వప్న, అల్లుడు రమేశ్ ఉంటారు. స్వప్న నా ఒక్కగానొక్క బిడ్డ. డిగ్రీ చదివి, పెళ్లి కార్డులు అచ్చేసే దుకాణంలో పనిచేస్తోంది. రమేశ్ ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద లారీ నడుపుతాడు. ఇవాళ ఉన్న పని రేపు ఉంటుందో లేదో తెలియని బతుకు అతనిది. ఒక సాయంత్రం నేను గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే స్వప్న గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఒక మాట చెప్త, ఏమనుకోకు."

"చెప్పవే, నస పెట్టకు."

"బోర్డుకు పెట్టుకోరాదే. నీతోని పని అయితలేదు గదా. డిసెంబర్ల నా పుట్టినరోజు దాటితే ఇగ నా పేరు పెట్టుకునే వయసు ఉండది."

అలా అడగడానికి దానికి ఎన్ని రోజులు పట్టిందో దాని ముఖం చూస్తే తెలిసింది. ఆశపోతుతనంతో అడగలేదు. చెమటలు కక్కుతూ అడిగింది. నేను ఆలోచించకుండా "సరే, పెట్టుకుందం తియ్" అన్నాను. ఏ జబ్బో తెలియకముందే అన్‌ఫిట్ కోసం దరఖాస్తు వెళ్లిపోయింది. మా దగ్గర ఇందులో వింతేమీ లేదు.

జూన్‌లో దవాఖాన చుట్టూ తిరగడం మొదలైంది. అక్కడి బెంచీ మీద అయిదు నిమిషాలు కూర్చోలేకపోయేదాన్ని. వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూనే ఉండేదాన్ని. గోడమీది నోటీసులన్నీ నోటికొచ్చాయి.

"ఏవండీ," అని ఎవరో పిలిచారు. "మీరిలా నడవడం ఇది పదకొండోసారి. నాకు కళ్లు తిరుగుతున్నాయి. కాస్త ఇలా కూర్చోరూ."

చూస్తే ఒక పెద్దావిడ, ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితాలు. పేరు పద్మ. భర్త ఇక్కడ ఇంజినీరు, వాళ్లది కృష్ణా జిల్లా వైపు. ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది, లోపల వ్యాయామం చేయిస్తుంటే ఈవిడ బయట కాపలా.

"కూసుందమంటే నా పానం కూసోనిస్తలేదమ్మా" అన్నాను.

"పోనీ కాళ్లకి బదులు చెయ్యి ఆడించండి. ఇదిగో." నా చేతిలో ఒక కొవ్వొత్తి ముక్క పెట్టారు. మందపాటి తెల్ల కాగితం ముందు పెట్టారు. "గీయండి."

"తెల్లదాని మీద తెల్లది గీస్తే ఏం కనవడ్తది?"

"కనబడక్కర్లేదండీ ఇప్పుడు. గట్టిగా నొక్కి గీయండి, అంతే."

ఐదు నిలువు గీతలు గీశాను. ఆవిడ సంచిలోంచి చిన్న సీసా తీశారు. అందులో బట్టలకు పెట్టే నీలిమందు నీళ్లు. దూది ముంచి కాగితమంతా ఒక్కసారి తుడిచారు. కాగితం నీలమైపోయింది, నా గీతలు మాత్రం తెల్లగా బయటపడ్డాయి. మైనం ఉన్నచోట రంగు పట్టదట. దీన్ని రెసిస్ట్ అంటారని, ఇలాంటి కాగితాల మీద అచ్చులు గుద్ది తను గ్రీటింగ్ కార్డులు చేస్తుంటానని చెప్పారు.

నేను ఆ మాటలు వినడం లేదు. నా గీతలనే చూస్తున్నాను. ఒక్కటీ తిన్నగా లేదు. అన్నీ పళ్లు పళ్లుగా, రంపంలా ఉన్నాయి. నేను తిన్నగా గీశాననే అనుకున్నాను. నా వణుకు ఇంత ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

"గిదేందమ్మా, గిట్లొచ్చినయి?"

"అలల్లా ఉన్నాయి, బావున్నాయి" అన్నారు ఆవిడ. నా ముఖం చూసి మాట మార్చారు. "వెనకాల ఇవాళ్టి తారీకు వేసుకోండి. రోజుకొకటి చేయండి. చేతికి పని ఉంటే మనసు కొంచెం ఊరుకుంటుంది." తర్వాత కాసేపు నా గొంతు వైపే చూశారు. "మీ మెడ దగ్గర కాస్త ఉబ్బుగా ఉందండీ. మా అక్కకీ ఇలాగే ఉండేది. డాక్టరుగారికి అది చూపించండి, మర్చిపోకండి."

అప్పటిదాకా నేను డాక్టరుతో చెప్పింది నిద్ర లేదు, నీరసం, అంతే. మెడ చూపిస్తే ఆయన అప్పటికప్పుడే రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ అట. అది మితిమీరి పరుగెత్తుతోందట, నన్నూ పరుగెత్తిస్తోందట. జూలై మొదట్లో గోలీలు ఇచ్చారు. "ఇవి ఒక్కపూట కూడా ఆపొద్దమ్మా" అని రెండుసార్లు చెప్పారు.

ఇక కొవ్వొత్తి ముచ్చట. స్వప్న దుకాణం నుంచి అచ్చు తప్పిన పెళ్లి కార్డులు కట్టలు కట్టలుగా తెచ్చేది. మొదట మెరుపు కార్డుల మీద చేశాను. రంగు ఎక్కడా పట్టలేదు, నీళ్లన్నీ జారి నా ఒళ్లోకి వచ్చాయి. కోపంతో కట్టంతా చింపేశాను. గరుకు కాగితమైతేనే పడుతుందని అప్పుడు తెలిసింది. తర్వాత ఇంట్లో ఉన్నదాన్నేదీ వదల్లేదు. తెల్ల క్రేయానుతో సన్నగీత వస్తుంది. జిగురుతో గీసి పూర్తిగా ఆరనిచ్చి రంగు వేస్తే, గీత కొంచెం ఉబ్బుగా ఉంటుంది. సీసా మూత అంచును కరిగిన మైనంలో ముంచి గుద్దితే చక్రాలు. నా చేతిలో ఒక చక్రం రెండు చక్రాలయ్యేది, అది వేరే సంగతి. రంగులకు పసుపు నీళ్లు, చాయ్ డికాషన్, రమేశ్ బట్టలు ఉతికిన నల్లటి నీళ్లు కూడా వాడాను. ఆ బొగ్గు నలుపు మీద తెల్లగీత ఎంత బాగుంటుందో! చివర్లో పైన పాత కాగితం పరిచి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే మైనమంతా కాగితానికి ఎక్కిపోతుంది. కార్డు మీద గీత మిగులుతుంది.

వీటన్నిటికంటే ముందు, రోజూ పొద్దున ఒక కార్డు మీద కొవ్వొత్తితో ఐదు నిలువు గీతలు గీసేదాన్ని. పైన నీలిమందు, వెనక తారీకు. స్వప్న వాటిని వరండాలో తీగకు క్లిప్పులతో తగిలించేది. "ఏందే ఇది, మనింట్ల చాకిరేవు లెక్క" అని రమేశ్ నవ్వేవాడు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

ఆగస్టులో నా గీతలు తిన్నబడ్డాయి. ఒక్కరోజులో కాదు. రంపం పళ్లు మొద్దుబారాయి, తర్వాత చిన్న ముడతలయ్యాయి, తర్వాత ఒక పొద్దున ఐదు గీతలకు ఐదూ తిన్నగా వచ్చాయి. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

"స్వప్నా! గిటు రా, జూడే!"

చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చూసింది. "మంచిగొచ్చినయమ్మా" అంది. ఇంకేమీ అనలేదు. చీపురు తీసుకుని, ఊడ్చిన వరండానే మళ్లీ ఊడ్చింది.

అది అనని మాటలన్నీ నాకు వినపడ్డాయి. అమ్మ బాగవుతోంది. బాగైతే అన్‌ఫిట్ రాయరు. డిసెంబర్ వచ్చేస్తోంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నన్ను ఎవరూ ఏమీ చేయమనలేదు. స్వప్న చెప్పలేదు, రమేశ్ చెప్పలేదు. నా బుర్రలో నేనే వండుకున్నాను. బోర్డు అక్టోబరు చివర్లో ఉంటుందని అంటున్నారు. అప్పటిదాకా చేతులు వణికితే చాలు, ఆ తర్వాత గోలీలు మళ్లీ వేసుకుందాం, ఏప్రిల్ నుంచి జూలై దాకా గోలీలు లేకుండానే బతికాను కదా, ఇంకో నెలన్నరకు చచ్చిపోతానా? ఇలా లెక్క వేసుకున్నాను. సెప్టెంబరు రెండో వారం నుంచి పొద్దున ఒక గోలీ, సాయంత్రం ఒక గోలీ మోరీ కాలువలో వేసి నీళ్లు పోసేదాన్ని. స్వప్న అడిగితే "ఏస్కున్న" అనేదాన్ని. అబద్ధం చెప్పడం కష్టమేమీ కాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వెర్రితనం చూడండి, గీతలు గీయడం మాత్రం మానలేదు. రోజూ గీశాను, రోజూ తారీకు వేశాను. వణుకు మళ్లీ వస్తోందా లేదా అని చూసుకోవడానికే గీశాను. వస్తుంటే సంతోషించాను కూడా.

అక్టోబరు మొదటి వారంలో, వాడంతా బతుకమ్మ కోసం గునుగు పూలు, తంగేడు పూలు తెచ్చుకుంటున్న రోజుల్లో, పొద్దున నల్లా దగ్గర బిందె ఎత్తబోయాను. గుండె ఒక్కసారిగా గతి తప్పింది. కొట్టుకుంటోందా ఆగిందా తెలియలేదు. ఒళ్లంతా నిప్పు. బిందె పడిన చప్పుడు విన్నాను, నేను పడింది తెలియదు.

కళ్లు తెరిచేసరికి దవాఖానలో ఉన్నాను, చేతికి సెలైన్ ఉంది. డాక్టరు అడుగుతున్నారు, "గోలీలు సరిగ్గ వేస్కుంటున్నరా?"

నేను నోరు తెరిచేలోపే స్వప్న చెప్పింది. "ఒక్క పూట తప్పలేదు సార్. నేనే తెచ్చిస్తున్న."

డాక్టరు నుదురు రుద్దుకున్నారు. "మరి మందు పనిచేస్తలేదన్నట్టు. డోసు, మందు రెండూ చూడాలె. హైదరాబాద్‌కు పంపాల్సొస్తదేమో." స్వప్న ముఖం తెల్లబోయింది. అప్పుడైనా నేను చెప్పాలా వద్దా? చెప్పలేదు. కళ్లు మూసుకున్నాను. 

స్వప్న బట్టలు తేవడానికి ఇంటికి వెళ్లింది. మధ్యాహ్నం అన్నం వేళకు తిరిగొచ్చింది. చేతిలో బట్టల సంచి లేదు. తీగ మీది కార్డులున్నాయి. నా కాళ్ల దగ్గర, దుప్పటి మీద ఒక్కొక్కటే పరచడం మొదలుపెట్టింది. దుకాణంలో కార్డులు సర్దే చెయ్యి అది, చకచకా తారీకుల వరుసలో పడుతున్నాయి.

"క్లిప్పులు ఊడి అన్ని కింద పడ్డయి. ఏరి పెడ్తుంటే, నువ్వు తారీకులు తప్పేసినవనుకున్న" అంది. "ఆగస్టుల గింత మంచిగున్నయి. సెప్టెంబర్ల మళ్ల జూన్ లెక్కనే ఎట్లయితయి? ఇగో, ఇది సెప్టెంబర్ పది. తిన్నగుంది. ఇది పదహారు. ఇది ఇరవై. ఇగ ఇవి జూడు."

నేను చూడలేదు.

"అమ్మా. గోలీలు ఎన్నడు బంద్ జేసినవ్?"

పక్క మంచం ముసలమ్మ అన్నం ముద్ద చేత్తో పట్టుకుని మావైపే చూస్తోంది. "నీ కోసమే బిడ్డా" అన్నాను.

"నా కోసమా? నేనడిగిన్నా?" అంది. ఆగింది. "అవ్, అడిగిన. బోర్డుకు పెట్టుకోమని అడిగిన. సచ్చిపొమ్మని అడిగిన్నా? నాయిన పోతే నీకొచ్చింది. నువ్వు పోతే నాకొస్తది. గింతేనా అమ్మా మన ఇల్లు?"

అది కార్డులన్నీ ఎత్తుకుని డాక్టరు గదికి నేరుగా వెళ్లిపోయింది. కాసేపటికి ఆయనే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "ఇంకొన్ని రోజులు గిట్లనే నడిపితే నేను చేయడానికి ఏం మిగలకపోవునమ్మా" అన్నారు, అంతే.

వారం రోజులకు పైగా వార్డులో ఉన్నాను. స్వప్న గోలీ నా నాలుక మీద పెట్టి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి చూసేది. పోలీసుల కంటే ఎక్కువ. మాట మాత్రం రెండే ముక్కలు: "నోరు తెరు", "మింగు". మంచం మీద పడుకుని దాని మౌనాన్ని భరించడం గుండెదడ కంటే కష్టమైంది. లేచి తిరగనివ్వరు, తిరగకపోతే నాకు ఊపిరాడదు. ఒకరోజు పద్మగారు పెరుగన్నం పట్టుకొచ్చారు. విషయమంతా విని, "ఏం మనిషండీ మీరు!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తర్వాత ట్రేలో మిగిలిన ప్లాస్టరు ముక్క తీసి, ముందు చీర కుచ్చిళ్లకు అంటించి పీకి, ఆ తర్వాత కార్డుకు అంటించారు. అలా జిగట తగ్గించి వాడితే రంగు వేశాక పీకినప్పుడు కాగితం చిరగదట. నాకు నవ్వొచ్చింది. పక్క మంచం ముసలమ్మ కూడా ఒక ప్లాస్టరు ముక్క అడిగి తీసుకుంది.

నవంబరుకు చేతులు ఊరుకున్నాయి. బోర్డు వాయిదా పడి, పై వారానికి రమ్మని కాగితం వచ్చింది. అంతకుముందే డాక్టరు దగ్గర నా సెలవు కాగితాల పని ఉంది. నేను, స్వప్న వెళ్లాం. ఆయన నా రెండు చేతులూ ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక తెల్లకాగితం పరిచారు. కాగితం కదల్లేదు. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

"ఇప్పుడు మీ ఇష్టమమ్మా" అన్నారు. "డ్యూటీకి ఫిట్ రాయమంటే రాస్త. బోర్డుకు పోయి చూస్తనంటే సిక్‌ల ఉండుండ్రి. బోర్డు ఏం జేస్తదో నేను చెప్పలేను."

ఇంత జరిగాక కూడా నా మనసు ఏమందో దాచను. పోయి చూద్దాం, అదృష్టం ఉంటే రాస్తారేమో అంది. డిసెంబరుకు నెల కూడా లేదు. గోలీ మింగుతూనే అడుగుతాను, అందులో తప్పేముంది? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. స్వప్న వైపు చూశాను. అది నన్ను చూడలేదు. నా వేళ్ల మీద నుంచి కాగితం తీసి, డాక్టరు ముందు బల్ల మీద పెట్టింది.

"ఫిట్ రాయండి సార్" అంది.

బయట ఆటో ఎక్కాం. చౌరస్తా దాటేదాకా బాగానే ఉంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. పోయింది చిన్నది కాదు. దానికి జీవితమంతా నిలబడే ఉద్యోగం పోయింది, ఇక ఎప్పటికీ రాదు. అది ఏడుస్తుంటే దాని మోకాలు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఇంటి ముందు దిగి, ముఖం తుడుచుకుంది.

"రేపు ఫస్ట్ షిఫ్టా, సెకండా?"

"ఫస్ట్."

"అయితే జల్ది పండుకో. నేనే లేపుత. సద్ది కట్టిస్త."